అత్తగారు ముట్టనన్న కాలు

హబ్సిగూడ మెట్రో స్టేషను పక్కన, మొన్నమొన్నటిదాకా జిరాక్స్ షాపు ఉన్నచోట, ఇప్పుడొక అద్దాల గది వెలిసింది. దాని బోర్డు మీద థాయ్, షియాత్సు, బాలి, అభ్యంగనం అని నాలుగు రకాల మర్దనల పేర్లు, ఒక్కోదాని కింద అది ఒంటికి చేసే మేలు రెండేసి వాక్యాల్లో రాశారు. యూనివర్సిటీ పరీక్షల విభాగంలో చేసిన ఉద్యోగం నాకు అంటించిపోయిన జబ్బు అచ్చుతప్పులు వెతకడం కనుక, ఎండలో నిలబడే మొత్తం చదివాను. తప్పులు రెండు దొరికాయి గాని, ‘శరీరంలోని దారులు’ అన్న మాట దగ్గరికి వచ్చేసరికి తప్పుల సంగతి మరిచిపోయాను. నాకు ఆ మాట నేర్పింది మా అత్తగారు.

ఆవిడ పుట్టింది రంగూన్‌లో. వాళ్ళ నాన్నగారు అక్కడి రేవులో పనిచేసేవారట. యుద్ధం వచ్చినప్పుడు అడవుల వెంట నడిచి శ్రీకాకుళం చేరిన కుటుంబాల్లో వాళ్ళదీ ఒకటి. పక్కింటి బర్మా ముసలావిడ దగ్గర చిన్నతనంలో నేర్చుకున్న విద్య ఒక్కటే ఆవిడ వెంట వచ్చిన ఆస్తి. నూనె లేకుండా, కట్టుబట్టల మీదనే, బొటనవేలితో, మోచేత్తో, ఒక్కోసారి మడమతో ఒత్తేది. నువ్వుల నూనె గోరువెచ్చగా పట్టించి రుద్దే మన పద్ధతి పసిపిల్లలకీ బాలింతలకీ మంచిదనీ, చర్మాన్ని మెత్తబరిచి నిద్ర పట్టిస్తుందనీ, బిగుసుకుపోయిన పెద్దవాళ్ళకు మాత్రం దారులు తెరవాలనీ అనేది. నడుము నొప్పని వచ్చినవాళ్ళకు పాదం దగ్గర మొదలుపెట్టేది. నొప్పి పుట్టేది ఒకచోట, అది కూర్చునేది మరోచోట అని ఆవిడ లెక్క. వీటన్నిటికంటే ముందు, నొప్పి ఉన్నచోట అరచెయ్యి కదపకుండా పెట్టి, కళ్ళు మూసుకుని చాలాసేపు ఉండేది. దాన్ని ‘ముట్టడం’ అనేది. ముట్టాక తెలుస్తుంది, తెలిశాకే పట్టాలి. ఇదీ ఆవిడ వరస.

తార్నాకలో మా ఇంటి ముందుగదిలో ఆవిడ ఒత్తే చాప ఎప్పుడూ పరిచే ఉండేది. క్యాంపస్ ప్రొఫెసర్ల భార్యలు, లాలాగూడ రైల్వే క్వార్టర్ల వాళ్ళు, మాణికేశ్వర్ నగర్ నుంచి హాస్టల్ వంటపనికి వెళ్ళే ఆడవాళ్ళు అందరూ ఆ ఒక్క చాప మీదే పడుకునేవారు. ఎవరిది ఏ ఊరని అడిగే అలవాటు ఆ గదిలో ఎవరికీ లేదు.

ఆ అలవాటు రెండువేల తొమ్మిది డిసెంబరులో వచ్చింది. ప్రత్యేక రాష్ట్రం కోసం క్యాంపస్ అట్టుడికిపోతోంది. గేట్ల దగ్గర ముళ్ళకంచెలు, రోడ్డు పొడుగునా పోలీసు వ్యాన్లు. గాలి ఇటు తిరిగితే బాష్పవాయువు మా డాబా మీదికి వచ్చి, ఆరేసిన చీరలకు పట్టుకునేది. కొంగుతో మొహం తుడుచుకుంటే కళ్ళు మళ్ళీ మండేవి. ఏళ్ళ తరబడి పలకరించుకున్నవాళ్ళం వీధిలో ఒకరినొకరు చూసి, ఏం మాట్లాడితే ఏమవుతుందోనని తలలు వంచుకుని పోయేవాళ్ళం.

మేడమీద అద్దెకుండే అమ్మాయి కరీంనగర్ వైపు పల్లెనుంచి వచ్చి పరిశోధన చేసేది. నన్ను ఆంటీ అనీ, అత్తగారిని అమ్మమ్మా అనీ పిలిచేది. ఊరేగింపులకు పోయి గొంతు బొంగురుపోయి వస్తే, అత్తగారు చాప మీద కూర్చోబెట్టుకుని మెడనరాలు ఒత్తుతూ, ‘మీ రాష్ట్రమేదో వచ్చీదాకా ఈ గొంతు ఉండాలి కదే’ అని ఎగతాళి చేసేది. అది కిలకిలా నవ్వి, ‘వచ్చినంక నిన్ను గీడనే ఉంచుకుంట, యాడికి పోనియ్య’ అనేది.

పరీక్షలు రెండోసారి వాయిదా పడిన వారంలో ఆ పిల్లకు పిక్క మీద లాఠీ దెబ్బ తగిలింది. ఆసుపత్రిలో పేర్లు రాసుకుని కేసులు పెడుతున్నారని వినికిడి, అందుకని మాకు కూడా చెప్పకుండా మేడమీద పడి ఉంది. కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం స్నేహితురాళ్ళిద్దరు ఆమెను చెరో భుజం పట్టి కిందికి దించారు. మర్నాడు ర్యాలీ ఉందట.

‘అమ్మమ్మా, జర మాలిష్ చెయ్యరాదే. గట్టిగ పిసుకు, ఏడ్సినా ఇడువకు’ అంది వాళ్ళలో ఒకామె.

అత్తగారు పిక్క మీద అరచెయ్యి పెట్టింది. పెట్టినంతలోనే తీసేసింది. రెండో కాలు చూసి, మళ్ళీ దీన్ని చూసి, ‘ఏటే ఇది, ఇలాగ కాలిపోతంది? ఈ కాలు నేను ముట్టను’ అంది.

ఆవిడ ఉద్దేశంలో ముట్టడమంటే వైద్యానికి చెయ్యి వెయ్యడమని ఇంట్లోవాళ్ళకు తెలుసు. ఆ పిల్లలకు ఆ మాట తరతరాలుగా ఇంకోలా తగులుతూ వచ్చింది.

‘ముట్టవా? ఏంది, మా కాలు ముడితే మైలపడతవా?’ అని మాలిష్ అడిగిన స్నేహితురాలు లేచి నిలబడింది. ‘ఆంధ్రోళ్ళ ఇల్లని ముందే చెప్పిన. నడువే, కట్లు కట్టే పహిల్వాన్ కాడికి పోదాం. గాయన ఒక్క పట్టు పడితే సరి.’

అది కాదమ్మా అని నేను మొదలుపెట్టేసరికి ఆమె తెలిసిన ఆటో అతనికి ఫోను చేస్తోంది. అత్తగారు మెల్లగా లేచి గుమ్మంలో కూర్చుంది. ఎనభయ్యేళ్ళ మనిషిని దాటుకుని పోవడానికి వాళ్ళకు కాళ్ళు రాలేదు.

‘నెత్తురు గడ్డ కట్టీసింది. నొక్కితే కదిలి గుండెకి ఎక్కుతాది. నేనైనా, మీ పహిల్వానైనా చంపీడమే. డాక్టరు దగ్గరికి ఎల్తానంటే లెగుస్తాను’ అంది.

వీధిలో ఆటో హారన్ కొడుతోంది. మా గేటు దగ్గర ఇంకో నలుగురు పోగయ్యారు. లోపలేం జరుగుతోందని ఎవరో గట్టిగా అడిగారు. ‘అమ్మాయిని ఆంధ్రోళ్ళు ఆపిన్రు’ అని ఎవరో జవాబు చెప్పారు.

చాప మీదున్న పిల్ల అత్తగారి మొహంకేసే చూస్తోంది. ‘ఒట్టుగనా అమ్మమ్మా?’ అంది. అత్తగారు తలూపింది. ‘అయితే దవాఖానకే పోత’ అని చెయ్యి చాచింది. అదే ఆటోలో నేనూ ఎక్కాను. పరీక్షించిన డాక్టరు పిక్క లోపల గడ్డ ఉందనీ, ఎవరూ మర్దన చెయ్యకుండా తేవడం అదృష్టమనీ అన్నాడు. పిల్ల బతికింది. వాళ్ళ నాన్న వచ్చి ఊరికి తీసుకుపోయాడు.

గేటు దగ్గర నిలబడ్డవాళ్ళు మాత్రం ఆసుపత్రిదాకా రాలేదు. వాళ్ళు విన్నది ఒక్క మాట. ఆ ఇంటి ముసలమ్మ మనోళ్ళను ముట్టదట అన్నది మాణికేశ్వర్ నగర్ దాకా పాకింది. హాస్టల్ ఆడవాళ్ళు రావడం మానేశారు. వాళ్ళు మానేశారని భయపడి మిగతావాళ్ళూ మానేశారు. అత్తగారు రోజూ పొద్దున్నే చాప దులిపి పరిచి, గోడకు జారగిలబడి గుమ్మంకేసి చూస్తూ కూర్చునేది. ఆ పిల్ల కోలుకుని తిరిగొచ్చి, కనబడిన ప్రతివాళ్ళకూ జరిగింది చెప్పింది. అప్పటికే ఆలస్యమైంది. రాష్ట్రం రాకముందే అత్తగారు పోయింది.

మొన్న ఆ అద్దాల గదిలోకి వెళ్ళాను. ఈశాన్య రాష్ట్రాలనుంచి వచ్చిన అమ్మాయి, మెల్లగా ఒత్తనా గట్టిగానా అని హిందీలో అడిగింది. ఒత్తకూడని కాలు వస్తే ఏం చేస్తావని అడిగాను. ‘ఇక్కడ ఎవరికీ లేదనం మేడమ్’ అని తియ్యగా నవ్వింది. మంచిదే. ఏ ఊరని అడగలేదు, ఏ యాసని చూడలేదు. ఇంకోసారి వస్తానని చెప్పి బయటపడ్డాను.

స్టేషను మెట్లెక్కుతుంటే పిక్క లాగింది. రైల్లో కూర్చున్నాక దాని మీద అరచెయ్యి పెట్టి, తార్నాక వచ్చేదాకా కదపకుండా ఉంచాను. నా చేతికి ఏమీ తెలియలేదు.