టిక్కీ అడుగున తాలుకాయ

మా నాన్న ఎవర్నీ నమ్మడు. కండక్టరు "మాచెర్ల, మాచెర్ల" అని గొంతు చించుకుంటున్నా, ఎక్కబోయే ముందు డ్రైవర్ని ఇంకోసారి అడుగుతాడు.

వెల్దుర్తి దగ్గర మాది మిరప చేను. గుంటూరు యార్డుకి కాయ తీసుకెళ్తే, కొనేవాడు టిక్కీలో, అంటే మిరప బస్తాలో, పైకాయ చూడడు. చెయ్యి అడుగుదాకా దూర్చి, రంగుపోయి తెల్లబడ్డ తాలుకాయొకటి లాగి, దాన్ని చూపించి సరుకు మొత్తానికీ ధర కట్టేస్తాడు. మా నాన్న చదివిన చదువంతా అదే.

ఇంటర్ రెండో ఏడాది జనవరిలో నేను జేఈఈ రాశా. గవర్నమెంటు ఇంజినీరింగ్ కాలేజీలో సీటుకి ఆ స్కోరు చాలదు. ఏప్రిల్లో మళ్లీ రాయొచ్చు, రెండిట్లో ఏది ఎక్కువైతే దానికే ర్యాంకు ఇస్తారు అని నాన్నకి చెప్పా.

"ఎవుడు చెప్పాడే?"

"రూలు నాన్నా. వెబ్‌సైట్‌లోనే ఉంది."

"మంచికాయ చూసి ధర కట్టేవాడు ఏడున్నాడే లోకంలో? అడుగున తాలు పడింది. పైన ఎంత ఎర్రకాయ పోసినా దాన్నే తవ్వి తీస్తారు. నోర్మూసుకుని నరసరావుపేటలో ఏదో ఒక కాలేజీలో చేరు."

నాకు ఒళ్లు మండింది. "అంటే నేను తాలుకాయనా?" అని కంచం ముందు నుంచి లేచిపోయా. "రాయనియ్యయ్యా, పోయేదేముంది?" అని అమ్మ వారంపాటు పోరితే, గొణుక్కుంటూనే నరసరావుపేట తీసుకెళ్లాడు. నేను లోపల రాస్తుంటే, బయట ఎండలో నిలబడి కనపడ్డ తండ్రినల్లా అడిగాడంట. అందరూ నా మాటే చెప్పారు.

"అందరూ ఒకే మాట చెబుతున్నారంటే ఎవుడో నేర్పినట్టే," అన్నాడు బస్సులో.

ఈసారి చానా మంచి స్కోరొచ్చింది. అనుకున్న కాలేజీలోనే సీటొచ్చింది. అయినా, నిజం చెప్పొద్దూ, నాన్న అనుమానం నాకూ అంటుకుంది. ఆ జనవరి స్కోరు ఏ కంప్యూటర్లోనో పొంచి ఉందనే భయపడేదాన్ని.

చేరే రోజు ఆఫీసులో మేడమ్ నా సర్టిఫికెట్లు చూసి "ఓకే" అంది. హమ్మయ్య అనుకునేలోపే నాన్న బల్ల మీదికి వంగాడు.

"మేడమ్, మా పిల్లకి మొదటిసారి తక్కువొచ్చింది. ఇప్పుడే చెబుతున్నా. రేపెప్పుడో అది తవ్వి తీసి, పిల్లని ఇంటికి పంపొద్దు."

కొంపముంచాడు అనుకున్నా.

ఆమె తల కూడా ఎత్తలేదు. "అది మాకు అక్కర్లేదండీ. నెక్స్ట్!"

బయటికొచ్చి మెట్ల మీద కూలబడ్డాడు. తువ్వాలుతో కళ్లొత్తుకుంటూ, "అడుగుదాకా చెయ్యే పెట్టలేదే అమ్మాయ్," అన్నాడు. నాకూ ఏడుపు ఆగలేదు.

అంతలోనే దిగ్గున లేచాడు.

"పదవే, ఆమె మనసు మారేలోపు హాస్టల్లో నీ పెట్టె పెట్టేద్దాం."