బాపు కారు, పన్నెండు బోల్టులు

ఆ ఆదివారం పొద్దున కరీంనగర్‌లో మా ఇంటి వాకిట్లో ఉన్నవాళ్లం ముగ్గురం: బాపు అని నేను పిలిచే మా నాన్న, అవ్వ అని పిలిచే మా అమ్మ, నేను. ఉన్న వస్తువులు: పాత ఆటోమేటిక్ కారు ఒకటి, జాకీ ఒకటి, కారు కింద ఆనించే ఇనుప స్టాండ్లు రెండు, నేను కొత్తగా కొన్న టార్క్ రెంచ్, డబ్బాలో కొత్త బోల్టులు పన్నెండు, చిన్న సుత్తె ఒకటి, గిన్నెలో కొంచెం పెట్రోల్, పాత లుంగీ చింపిన గుడ్డలు, బాపు కూర్చున్న ప్లాస్టిక్ కుర్చీ, దానికి ఆనించిన చేతికర్ర, అవ్వ తెచ్చిన చాయ్ గ్లాసులు మూడు.

గేరుబాక్సు నుంచి ముందు చక్రాలకు రెండు షాఫ్టులు ఉంటాయి. ఒక్కో షాఫ్టును గేరుబాక్సుకు ఆరు బోల్టులు పట్టి ఉంచుతాయి. ఆ బోల్టులు వదులవుతున్నాయి. కారు కదిలినప్పుడు కింద టక్కుమని చప్పుడు వస్తోంది.

ఆ కారు బాపు కోసం కొన్నది. ఆయన నలభై ఏళ్లు లారీ నడిపాడు. పక్షవాతం వచ్చి ఎడమ కాలు పడిపోయింది. క్లచ్ తొక్కడం ఇక జరగని పని. ఎడమ చెయ్యి మాత్రం మెల్లగా తిరిగి వచ్చింది. ఆటోమేటిక్ బండికి కుడికాలు చాలని ఎవరో చెప్పిన రోజు నుంచి ఆయన పొద్దున్నే వంటింట్లోకి వెళ్లి, చపాతీ కర్రను నేల మీద నిలబెట్టి, ఎడమ చేత్తో ముందుకూ వెనక్కూ తోయడం మొదలుపెట్టాడు. గేరు వేయడం నేర్చుకుంటున్నాడు. ఏడాది తర్వాత డాక్టరు సరే అన్నాడు. అప్పటినుంచి నెలకు ఒకసారి అవ్వను పక్కన కూర్చోబెట్టుకుని ఆదిలాబాద్‌లో ఉన్న మా అక్క దగ్గరికి వెళ్లి వచ్చేవాడు. నెలలో మిగిలిన రోజులన్నీ ఆ ఒక్క ప్రయాణం కోసమే ఎదురుచూసేవాడు.

నేను మెకానికల్ ఇంజినీరింగ్ చదివాను. పెద్దపల్లి వైపు రైసు మిల్లుల యంత్రాలు చూసుకునే ఉద్యోగం. అంతకు రెండు వారాల ముందు ఒక షెడ్డు మెకానిక్ షాఫ్టు రబ్బరు తొడుగు మార్చి, బోల్టులకు గ్రీజు తుడవకుండానే బిగించాడు. వదులైంది అందుకే. ఇక ఎవరికీ ఇవ్వను, నేనే చేస్తానన్నాను.

పాత బోల్టులు విప్పితే వాటి తలల కింద చంద్రవంక ఆకారపు ఇనుప పట్టీలు వచ్చాయి. రెండేసి బోల్టులకు ఒకటి చొప్పున మొత్తం ఆరు. తుప్పు పట్టి ఉన్నాయి. ఆ మెకానిక్ పెట్టిన అతుకులనుకుని పక్కకు విసిరేశాను. తప్పు అక్కడ జరిగింది. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తర్వాత చాలాకాలం నేను ఆ తప్పును వేరే చోట వెతికాను.

రంధ్రాలు పెట్రోల్‌తో కడిగాను, ఆరబెట్టాను, కొత్త బోల్టులు ఎదురెదురుగా వరస మార్చి బిగించాను. కావలసిన బిగుతు రాగానే టిక్కుమనే రెంచ్ అది; పన్నెండుసార్లు డెబ్బై దగ్గర టిక్కుమంది. బాపు కుర్చీ ముందుకు జరిపించుకుని, వంగి, చక్రం విప్పిన సందులోంచి చిన్న సుత్తెతో బోల్టు తలల మీద మెల్లగా కొట్టాడు. లారీ చక్రాల నట్లను డ్రైవర్లు బయలుదేరే ముందు అలాగే కొట్టి చూస్తారు. బిగుతుగా ఉన్నది గంటలా మోగుతుందట.

"సప్పుడు మంచిగ లేదురా. సచ్చినట్టు మోగుతుంది," అన్నాడు.

"అది లారీ గాదు బాపు. రెంచ్ డెబ్బై చూపిచ్చింది."

"గట్లనా. నాకేమెరుక, నేను మూడో తరగతి," అని సుత్తె పక్కన పెట్టేశాడు. అవ్వ నవ్వింది. నేనూ నవ్వాను.

ఆదిలాబాద్ వెళ్లి వచ్చాక నాలుగు బోల్టులు వదులయ్యాయి.

ఆ తర్వాత మూడు నెలల్లో చేసినవి ఇవి. మళ్లీ కొత్త బోల్టులు వేశాను. మరలకు అతుక్కునే మందు పూశాను. గేరుబాక్సు కింది రబ్బరు దిమ్మలు మార్చాను. ప్రతి బోల్టు తల నుంచి పక్కనున్న ఇనుము మీదికి తెల్ల రంగుతో ఒక గీత గీశాను, బోల్టు తిరిగితే గీత విరిగి కనిపిస్తుందని. ఒక నోటుబుక్ పెట్టి తేదీ, కిలోమీటర్లు, ఏ వైపు ఎన్నో బోల్టు అన్నీ రాశాను. కరీంనగర్‌లో, చొప్పదండి దాకా, హుజూరాబాద్ దాకా ఎంత తిప్పినా గీతలు కదలలేదు. ఆదిలాబాద్ వెళ్లి వచ్చిన మూడుసార్లూ విరిగాయి. మిగతావన్నీ నేను నడిపినవి. ఆదిలాబాద్ బాపు నడిపింది. దూరం ఎక్కువన్న సంగతి, ఆ దారిలో కొండెక్కి దిగే ఘాట్ రోడ్డు మీద షాఫ్టుకు బరువు ఎక్కువన్న సంగతి నాకు తెలియక కాదు. కానీ నోటుబుక్‌లో 'నడిపినవారు' అని ఒక గడి గీసుకున్నాక నా కన్ను దాని మీదే నిలిచింది.

ఐదోసారి నేనూ ఎక్కాను, వెనక సీట్లో. వచ్చేటప్పుడు నేరడిగొండ దాటి ఘాట్ దిగుడు మొదలవగానే బాపు ఎడమ చెయ్యి మెల్లగా గేరును న్యూట్రల్‌లోకి తోసింది. బండి చప్పుడు లేకుండా జారుతోంది. కిందికి వచ్చాక మళ్లీ డ్రైవ్‌లో వేశాడు. కారు ఒక్కసారి కుదిపింది.

"న్యూట్రల్ ఎందుకేసినవ్ బాపు?"

"దిగుడు గదరా. బండి దానంతటదే పోతది. ఉత్తగ నూనె కాల్చుడెందుకు?"

"నలభై ఏండ్లు సావుకార్లకు డీజిల్ మిగిలిచ్చిండు. ఇప్పుడు నీకు మిగిలిస్తుండు," అని అవ్వ వెనక్కి తిరిగి నాతో అంది.

నాకు సమాధానం దొరికిందనిపించింది. దొరికినందుకు లోపల సంతోషపడ్డాను కూడా. అది కూడా రాయాలి.

మర్నాడు పొద్దున కారు ఎత్తి చూస్తే ఆరు గీతలు విరిగి ఉన్నాయి. నోటుబుక్ తీసుకెళ్లి బాపు ముందు తెరిచాను. తేదీలు చదివి వినిపించాను. న్యూట్రల్ నుంచి డ్రైవ్‌లోకి వేసిన ప్రతిసారీ షాఫ్టుకు దెబ్బ తగులుతుందని, బోల్టులు కదిలేది అందుకేనని చెప్పాను. 

"అంటే నాతోనేనా?"

"నీతోనే బాపు. ఘాట్ల షాఫ్ట్ ఊడితే ఏంగావాలె? పక్కన అవ్వ ఉంటది."

నేను అడగదలచుకున్నది న్యూట్రల్ వేయొద్దని మాత్రమే. అంతవరకు చెప్పి ఆగితే సరిపోయేది. అవ్వ పేరు తీయకుండా ఉండాల్సింది. 

"నలభై ఏండ్లల్ల నా బండి కింద కోడిపిల్ల గూడ పడలే," అన్నాడు. బాపు జేబులోంచి కారు తాళంచెవి తీసి నా నోటుబుక్ మీద పెట్టాడు. "ఇగో చాబీ."

న్యూట్రల్ వేయకుండా నడుపు, చాలు అన్నాను. అలవాటు చేతిలో ఉంటుంది, తలలో ఉండదు, మాట ఇచ్చి తప్పలేను అన్నాడు. తర్వాత అవ్వ చెప్పినా వినలేదు. ఎప్పుడొస్తారని అక్క ఫోన్ చేస్తే ఘాట్ మీద వానలు బాగా పడుతున్నాయట అన్నాడు. అది మార్చి నెల. చపాతీ కర్ర మళ్లీ పట్టుకోలేదు. నెల తిరగకముందే ఎడమ చేతి వేళ్లు ముడుచుకోవడం మొదలైంది.

మూడు వారాల తర్వాత అక్కకు బియ్యం బస్తా ఇవ్వడానికి నేనొక్కణ్నే ఆదిలాబాద్ వెళ్లాను. ఘాట్ ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ గేరు ముట్టుకోలేదు. ఇంటికి వచ్చి కారు ఎత్తితే ఐదు గీతలు విరిగి ఉన్నాయి.

 తర్వాత ఒక బోల్టు పూర్తిగా బయటికి తీశాను. దాని కొన మెరుస్తోంది, అరిగినట్టు. సన్నని తీగ గుచ్చి రంధ్రం లోతు కొలిచాను. బోల్టు పట్టే చోటు కంటే బోల్టే పొడుగు ఉంది. తల కింద షాఫ్టును గట్టిగా నొక్కకముందే కొన రంధ్రం అడుగుకు తగిలి ఆగిపోతోంది. రెంచ్ చూపించిన డెబ్బై ఆ అడుగును నొక్కిన డెబ్బై. ఆ పొడుగు నేను విసిరేసిన పట్టీల మందం కోసం పెట్టినది. బాపు సుత్తెకు చచ్చినట్టు వినిపించింది అదే. సరిగా నొక్కని బోల్టులు ఘాట్ బరువుకు కదిలాయి, న్యూట్రల్‌కు దీనితో సంబంధం లేదు.

మూడు పట్టీలు కూలర్ స్టాండు కింద దొరికాయి, స్టాండు కాలు ఊగకుండా అవ్వ పెట్టింది. మిగిలిన మూడు లేత్ షాపులో చేయించాను. ఆరూ పెట్టి బిగించాను. ఆదిలాబాద్ రెండుసార్లు వెళ్లి వచ్చాను. ఒక్క గీత కూడా కదలలేదు.

బాపుకు చెప్పలేదు. మొదట, పూర్తిగా రుజువయ్యాక చెబుదామనుకున్నాను. రుజువయ్యాక, మిల్లుల్లో వడ్ల సీజన్ అయిపోనీ అనుకున్నాను. తర్వాత, పండ్లేమైనా తీసుకుని వచ్చిన రోజు మంచి మాటగా చెబుదామనుకున్నాను. ఇవి కారణాలు కావు. ఆయన ముందు ఆ నోటుబుక్ మళ్లీ తెరిచే ధైర్యం నాకు లేదు.

మధ్యలో ఒకసారి చాయ్ తాగుతూ ఆయనే అడిగాడు.

"బండి మంచిగ నడుస్తుందారా?"

"నడుస్తుంది బాపు."

"బోల్టులు?"

"కదుల్తలేవు."

"సూసినవా మరి. నేను ఎక్కకపోతే మంచిగనే ఉంటది," అని నవ్వాడు. నన్ను ఎత్తిపొడవడానికి కాదు. నా లెక్క సరిపోయిందని నిజంగానే సంతోషపడ్డాడు. చెప్పడానికి అంతకంటే తేలికైన సమయం నాకు మళ్లీ రాలేదు. నేను గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లాను.

రెండోసారి పక్షవాతం కుడివైపు వచ్చింది. కాలు, చెయ్యి, మాట పోయాయి. ఆసుపత్రిలో మంచం పక్కన కూర్చుని అంతా చెప్పాను: పట్టీలు, పొడుగు బోల్టులు, అడుగుకు తగిలిన కొన, తప్పు నాదేనని, సుత్తె చప్పుడు ఆయన సరిగ్గానే విన్నాడని. కళ్లు తెరిచి నా వైపే చూస్తున్నాడు. ఆయనకు ఎంతవరకు అర్థమైందో డాక్టరును అడిగాను. చెప్పలేనన్నాడు.

పట్టీలు బిగించిన రోజు నుంచి ఆయన కుడికాలు పడిపోయిన రోజు దాకా లెక్కపెట్టాను. నలభై ఒక్క రోజులు.