థిన్నర్ పోసిన బెంచీ

కమలాబాయికి కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. పదిహేనేళ్లుగా ఆమెతో ఒకే బడిలో పనిచేస్తున్న నాకు ఆ సంగతి తెలుసు. కొత్తగా ఆఫీసు చూసుకోవడానికి వచ్చిన సత్యదేవ్‌గారికి తెలియదు. ఆవిడ మెల్లగా మాట్లాడుతుంటే దారికొచ్చింది కాబోలు అనుకున్నారు. అక్కడే బోర్లాపడ్డారు.

మాది కార్ఖానా అనే పేటలో ఒక పాత ప్రైవేటు బడి. నా పేరు నాగజ్యోతి, తెలుగు చెబుతాను. మాది రాజమండ్రి అవతల, పెళ్లయ్యాక ఏ.ఎస్. రావు నగర్‌లో స్థిరపడ్డాం. కమలాబాయిది బన్సీలాల్‌పేట, పుట్టిందీ మెట్టిందీ అక్కడే. యాభై ఏడేళ్లుంటాయి. ఆవిడ బడిలో చేరి ఇరవై రెండేళ్లు. గదులు ఊడ్చేదీ, బోర్డులు తుడిచేదీ, ఒకటో తరగతి పిల్లలు చొక్కా పాడుచేసుకుంటే కడిగి పంపేదీ ఆవిడే. పిల్లలకూ మాకూ అందరికీ ఆయమ్మే.

మూడో తరగతితో ఆగిపోయిన చదువును ఈ బడిలోనే పూర్తిచేసుకుంది. ఎలాగంటే, బోర్డు మీద ఏముందో చదివాకే తుడుస్తుంది. మొదట్లో కూడబలుక్కునేది. ఒకసారి నేను పద్యం సగం రాసి గంట కొట్టారని వెళ్లిపోతే, మర్నాటికీ అది అలాగే ఉంది. ఎందుకని అడిగితే, "మిగిలింది రాయుండ్రి టీచరమ్మా, ఏమైతదో తెల్వకుంట ఎట్ల తుడుస్త?" అంది. అలాంటి మనిషి.

ఆవిడ భర్త పర్వతాలు తలుపులకు, మంచాలకు పాలిష్ పెట్టేవాడు. పోయి ఎనిమిదేళ్లయింది. బతికున్నంత కాలం ఆదివారాలు ఈవిడ కూడా ఆయనతో పనికి వెళ్లేది. ఉప్పుకాగితం రుద్దడం, లక్కను స్పిరిట్‌లో నానబెట్టడం, గుడ్డ చుట్ట కట్టి పూతమీద పూత పుయ్యడం అన్నీ వచ్చు. బడిలో ఆ సంగతి ఎవరూ అడగలేదు, ఆవిడ చెప్పుకోలేదు. చీపురు పట్టుకున్న చేతికి ఇంకో పని కూడా వచ్చునని మాకు తోచలేదు, అంతే.

ఏటా మార్చిలో మా బడి పదో తరగతి పరీక్షలకు సెంటరు. బెంచీ బెంచీకి హాల్‌టికెట్ నంబర్లు అంటించాలి. పోయినేడు దాకా కమలాబాయే ఇంట్లో మైదా జిగురు ఉడికించి గిన్నెతో తెచ్చేది. కాగితం ముక్కలు దాంతో అంటించేది. పరీక్షలయ్యాక తడిగుడ్డ కాసేపు పరిచి లాగితే ఊడొచ్చేవి. ఈ ఏడు మా పాత విద్యార్థి ఓంప్రకాశ్ అనే ఆయన ముప్పై ఆరు కొత్త బెంచీలు ఇచ్చాడు. టేకు పాలిష్ పెట్టిన నున్నటి బెంచీలు. పిల్లలు చెంపలు ఆనించి చూసుకునేవారు.

మైదా గిన్నె చూసి సత్యదేవ్‌గారు ముక్కు చిట్లించారు. "ఇదేంటమ్మా, సినిమా పోస్టర్లా?" అన్నారు. కంప్యూటర్‌లో స్టిక్కర్లు కొట్టించి తెచ్చారు. పిల్లలు పీకుతారని వాటిమీద పారదర్శకమైన టేపు కూడా వేయించారు.

"సార్, గిట్ల అంటిస్తే ఎండల్ల జిగురు కరిగి కట్టెను పట్టుకుంటది. పరీక్షలు కాంగనే తీసేస్తెనే మంచిగుంటది," అంది కమలాబాయి.

"తీద్దాం, తీద్దాం," అన్నారాయన. ఏప్రిల్ నెలాఖరు దాకా ఆ మాట ఎవరికీ గుర్తు రాలేదు.

అప్పటికి రేకుల కప్పు కింద గదులు పెనాల్లా కాలుతున్నాయి. స్టిక్కరు లాగితే పైపొర చిరిగి చేతికొచ్చేది, కింద బంక నల్లగా మట్టి పట్టి మిగిలేది. ప్రతి బెంచీకి రెండు చోట్ల అరచేయంత మరక. మే మొదటివారంలో ఓంప్రకాశ్‌గారు బెంచీలు చూడ్డానికి వస్తానన్నారట. సత్యదేవ్‌గారు హడావుడిగా రంగులు పలచన చేసే థిన్నర్ డబ్బా, బ్లేడ్ల పాకెట్ పట్టుకుని వచ్చారు. నేను ఆ గదిలోనే చివరి బెంచీ మీద కూర్చుని మార్కులు ఎక్కిస్తున్నాను. కాగితాలు ఎగురుతాయని కిటికీలు మూసుకున్నది కూడా నేనే.

"థిన్నర్ వద్దు సార్. అది పాలిషే తీస్తది. మా ఆయన తలుపుల పాత పాలిష్ తీయాలంటే గిదే పోస్తుండె," అంది కమలాబాయి.

"కొంచెమే పోయమ్మా."

"జెర ఆగుండ్రి సార్. లోపటంచున ఒక్క చుక్క పెట్టి చూద్దాం."

"టైం లేదు. పొయ్యి."

"కిటికీలు సుత మూసున్నయి. వాసనకు తల తిరుగుతది. నా మాటినుండ్రి, వద్దు."

"నేను చెబుతున్నాగా! పొయ్యమంటే పొయ్యవే?"

పోసింది. గుడ్డతో రెండుసార్లు అద్దింది. బంకతో పాటు పాలిష్ కూడా ముద్దలా గుడ్డకు వచ్చేసింది. కింద చెక్క తెల్లగా, గరుగ్గా తేలింది. సత్యదేవ్‌గారు ఒక నిమిషం చూసి, "చూసుకుని చెయ్యక్కర్లేదూ?" అని బయటికి వెళ్లిపోయారు. నేను మార్కులు ఎక్కిస్తూనే ఉన్నాను. ఈ వాక్యం రాయడానికి నాకు సిగ్గుగా ఉంది, కానీ జరిగింది అదే.

కమలాబాయి లేచి కిటికీలన్నీ తెరిచింది. థిన్నర్ గుడ్డను అవతల ఎండలో, ఎవరూ తిరగని చోట పరిచి వచ్చింది. నా దగ్గరికొచ్చి, "మీ ఇంట్ల జుట్టు ఆరబెట్టే మిషన్ ఉన్నదా టీచరమ్మా?" అని అడిగింది.

మర్నాడు తీసుకెళ్లాను. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పని మొదలుపెట్టింది. ముందుగా బెంచీ లోపలి అంచున, పాలిష్ ఉండీ ఎవరికీ కనపడని చోట, కొబ్బరినూనె ఒక చుక్క రాసి పావుగంట ఆగింది. రంగు మారలేదు, పాలిష్ చేతికి రాలేదు. అప్పుడు గాని పైన చెయ్యి పెట్టలేదు. మిషన్ తక్కువ వేడి మీద పెట్టి, ఒకచోట ఆపకుండా ఆడించమని నాకు ఇచ్చింది.

"ఎక్కువ కాల్చకుండ్రి. మీ చెయ్యి పెడితే ఓర్చుకునేటంత వేడుంటె సాలు. ఎక్కువైతే పాలిష్‌కు బుడగలొస్తయి."

బంక మెత్తబడగానే మిగిలిన కాగితాన్ని ఒక మూల నుంచి నిదానంగా, నేలబారుగా లాగింది. గుడ్డకు నూనె అద్ది మరక మీద పరిచి పది నిమిషాలు వదిలేసింది. తర్వాత పాత బస్‌పాస్ కార్డు అంచుతో, చెక్క చారలు ఏ వాలుగా ఉన్నాయో ఆ వాలుగానే నెట్టింది. బంక ఉండలు కట్టుకుని వచ్చేసింది. సబ్బునీళ్లలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో ఒకసారి జిడ్డు తుడిచి, మంచినీళ్ల గుడ్డతో ఇంకోసారి, వెంటనే పొడిగుడ్డతో. నీళ్లు నిలవనివ్వలేదు. గిన్నెలు తోమే పీచు నేను తీసుకోబోతే చేతిమీద ఒకటి వేసింది. బ్లేడ్ల పాకెట్ విప్పనే లేదు.

మధ్యాహ్నానికి పదకొండు బెంచీలు అయ్యాయి. ఎక్కడా గీత లేదు. ఈవిడకి ఇంకేం పని వచ్చో ఇన్నేళ్లలో మేం ఒక మాట అడగలేదే అని నాకు ఒళ్లు మండింది. మండాల్సింది నిన్న. అప్పుడే స్టాఫ్‌రూమ్‌కి రమ్మని ఆవిడకు పిలుపు వచ్చింది. నేనూ వెనకే వెళ్లాను.

హెడ్‌మిస్ట్రెస్ సుకన్య మేడమ్ బల్ల దగ్గర ఉన్నారు. మిగతా టీచర్లు ఆరేడుగురు ఉన్నారు. సత్యదేవ్‌గారు టైపు చేసిన కాగితం ముందుకు తోశారు.

"కమలాబాయ్, ఇక్కడ సంతకం పెట్టు. ఓంప్రకాశ్‌గారికి చూపించాలి. ఏం లేదు, ఫార్మాలిటీ."

ఆయనకు నలభై దాటలేదు. తల్లి వయసు మనిషిని పట్టుకుని 'పెట్టు' అనడం మా బడిలో ఎవరికీ కొత్తగా అనిపించకపోవడమే నాకు ఆ రోజు కొత్తగా అనిపించింది.

"సదివి పెడత సార్," అంది కమలాబాయి, చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ.

"అందులో చదివేదేముంది?"

అప్పటికే చదవడం మొదలుపెట్టింది. పైకి, అందరికీ వినపడేలా, బోర్డు చదివినట్టు. "నా నిర్లక్ష్యం వలన... ఎవరి అనుమతీ లేకుండా థిన్నర్ వాడి... దాత ఇచ్చిన బెంచీని పాడుచేసితిని... ఇకమీదట ఇట్టి తప్పు జరిగిన యెడల నన్ను ఉద్యోగము నుండి తొలగించుటకు సమ్మతించుచున్నాను."

చదివి కాగితం కింద పెట్టింది. గొంతు బాగా తగ్గిపోయింది. "అనుమతి లేకుంట అని రాసిన్రు. డబ్బా ఎవరు తెచ్చిన్రు సార్?"

"ఇప్పుడు డబ్బా సంగతి కాదు. పోసిందెవరు?"

"నేనే పోసిన. నా చెయ్యే. దాస్తలేను. పొయ్యమన్న నోరు ఎవరిదో గది సుత రాయాలె గదా."

"వాదన పెట్టుకోకు. సంతకం పెట్టకపోతే జూన్ నుంచి రానక్కర్లేదు."

ఇంకా మూడేళ్లు చేయాల్సిన పని అది, ఆవిడకున్న ఒక్క ఆధారం. అక్కడున్న అందరికీ తెలుసు. కమలాబాయి అటూ ఇటూ చూసి, ఖాళీగా ఉన్న కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇరవై రెండేళ్లలో స్టాఫ్‌రూమ్ కుర్చీలు రోజూ తుడిచింది గాని, ఎప్పుడూ కూర్చోలేదు. నా చేతిలో పెన్ను అడిగి తీసుకుంది. టైపు చేసిందంతా అడ్డంగా ఒక్క గీతతో కొట్టేసింది. కింద ఖాళీలో రాయడం మొదలుపెట్టింది. ఒక్కో అక్షరం దిద్దుకుంటూ చాలాసేపు రాసింది. సత్యదేవ్‌గారు ఏదో అనబోతే సుకన్య మేడమ్ చెయ్యి ఎత్తి ఆపారు. రాయడం అయ్యాక దాన్ని కూడా పైకి చదివింది.

"నేను కమలాబాయి. థిన్నర్ డబ్బా సత్యదేవ్ సార్ తెచ్చిండు. మూడుసార్లు వద్దన్న. నాలుగోసారి పోసిన. గా నాలుగోసారి తప్పు నాది. ముందుగాల తప్పు సార్‌ది."

సంతకం పెట్టింది. కాగితం నా వైపు తిప్పి పెన్ను చాచింది.

"మీరు ఆడనే ఉన్నరు గదా టీచరమ్మా. సూసినోళ్లు సుత పెట్టాలె."

నాకు ధైర్యం ఉందని ఎవరైనా అంటే నేనే నవ్వుతాను. నా ఇంక్రిమెంట్ కాగితాలు కూడా సత్యదేవ్‌గారి బల్ల మీదుగానే వెళ్లాలి. ఆ లెక్క కూడా ఒక క్షణం మనసులో వేసుకున్నాను. కానీ ఆవిడ అలా పెన్ను చాచి ఉంటే కాదనడానికి మొహం చెల్లలేదు. సంతకం పెట్టాను. పక్కన 'నేను చూశాను, నోరు మెదపలేదు' అని కూడా రాశాను. అది రాయమని ఆవిడ అడగలేదు.

సుకన్య మేడమ్ కాగితం రెండుసార్లు చదివారు. "డబ్బా మీరే తెచ్చారా?" అని అడిగారు. సత్యదేవ్‌గారు మందుషాపు పక్క పెయింట్ల కొట్టు గురించీ, కొట్టువాడు ఇచ్చిన సలహా గురించీ చెప్పుకొచ్చారు. మేడమ్ పూర్తిగా వినకుండానే కాగితాన్ని ఫైల్లో పెట్టి తాడు ముడేశారు. "ఓంప్రకాశ్‌గారికి ఇదే చూపిద్దాం," అన్నారు. జూన్ సంగతి మాత్రం ఎత్తలేదు. ఉంచుతామనీ అనలేదు, తీసేస్తామనీ అనలేదు. పెద్దవాళ్ల పద్ధతి.

"కాగితం సంగతి వేరు. నేను చెప్పింది చెప్పిందే. జూన్‌లో కనపడొద్దు," అన్నారు సత్యదేవ్‌గారు, ఎర్రబడ్డ మొహంతో.

కమలాబాయి కుర్చీలోంచి లేచింది. కుర్చీని ఉన్నచోట పెట్టింది.

"వస్త సార్. గేటు తాళంచెవి నాకాడనే ఉన్నది. కావాలంటే మేడమ్ అడగాలె, అప్పుడిస్త. ఇంకా ఇరవై నాలుగు బెంచీలున్నయి, నూనె ఆరిపోతది," అని వెళ్లిపోయింది.

ఆ తాళంచెవి మేడమ్ మే నెలంతా అడగలేదు. జూన్ పన్నెండున బడి తెరిచారు. నేను ఏడుంబావుకల్లా వెళ్లాను, నిజం చెప్పాలంటే భయపడుతూనే వెళ్లాను. గేటు బార్లా తెరిచి ఉంది. కమలాబాయి గేటు పక్కన నిలబడి, కొత్తగా చేరిన ఒకటో తరగతి పిల్లను చంకనేసుకుని ఏడుపు మాన్పుతోంది. పిల్లలు, టీచర్లు, ఒకళ్ల వెనక ఒకళ్లు ఆవిడ ముందునుంచే లోపలికి వస్తున్నారు. ఏడూ నలభైకి సత్యదేవ్‌గారు కూడా ఆ గేటులోంచే వచ్చారు.