మావయ్య భుజం మీది కావడిబద్ద

ఆ రోజుల్లో స్వచ్ఛంద సేవ అంటే ఇప్పటిలా బొటనవేలి బొమ్మతో తీరిపోయేది కాదు. మా వీధి గస్తీకి మనుషులు కావాలని మొన్న ఫోన్ గ్రూపులో రాశాను. బొటనవేళ్ళు వరుసగా లేచాయి; సాయంత్రానికి ఆ వేళ్ళ వెనకనుంచి మనిషి ఒక్కడూ రాలేదు. ఇది అన్యాయమని తేదీ వేసి పుస్తకంలో రాసుకున్నాను (రాసుకోవడం నాకు చిన్నప్పటి జబ్బు). రాశాక మాత్రం, పిలిస్తే నిజంగా వచ్చినవాళ్ళతో ఒకప్పుడు నేను పడ్డ పాట్లు గుర్తుకొచ్చి, రాకపోవడమే మేలేమోననిపించింది.

మేమున్న మలయు దేశానికి ఇండోనేషియాతో గొడవ ముదిరి, స్వచ్ఛంద దళాలు లేస్తున్న కాలమది. సుంగై సిపుట్ దగ్గరి రబ్బరుతోటలో నేను కొత్త గుమాస్తాను. మీసం కూడా సరిగా రాలేదు. మన తెలుగువాళ్ళుండే కూలి ఇళ్ళ లైన్లనుంచి ఒక దళాన్ని తయారు చెయ్యమని తోట దొర నాకు పురమాయించాడు. పట్నంనుంచి అధికారి వచ్చి చూసి మెచ్చితే తుపాకులు, మెచ్చకపోతే దళం రద్దు. జనం వచ్చారు. ఒకాయన కుక్కతో వచ్చాడు. ఇంకొకాయన కవాతులో వక్క నమలకూడదని ఏ చట్టంలో ఉందో చూపించమన్నాడు. అన్నిటికీ మించి, వరుసలో నాకు చుట్టం కానివాడు లేడు. ఆజ్ఞ ఇస్తే బావలు వెక్కిరించేవారు, చిన్నాన్నలు అలిగేవారు. అందుకని ఆజ్ఞలన్నీ మలయు భాషలోనే ఇచ్చాను. "సెడియా!" అంటే నిటారుగా, సిద్ధంగా నిలబడమని. సర్కారువారి భాష కనుక ఎవరి మనసూ నొచ్చదని నా ఆలోచన.

తుపాకులు రాలేదు కాబట్టి, రబ్బరుపాల బాల్దీలు మోసే కావడిబద్దలతోనే కవాతు. వాటిని నిలువుగా భుజానికి ఆనించాలి. మా మేనమామ మాత్రం అలవాటు చొప్పున బద్దను అడ్డంగా పెట్టుకుని, పాలు తొణక్కుండా నడిచే ఆ ఊగునడకతో వచ్చేవాడు. కుడికి తిరగమంటే బద్ద చివర ఎవరో ఒకరి చెవికి తగిలేది. ఆయన కూతుర్ని నాకిచ్చే మాట అప్పుడప్పుడే నడుస్తోంది (ఆ సంగతి పుస్తకంలో రాసుకోలేదు, రాయకపోయినా మరిచిపోనిది అదొక్కటే). "మీ మావ మనసు నొప్పించీసినావంటే ఆ గుంట నీకు దక్కదు, సూసుకో" అని అమ్మ రోజూ హెచ్చరించేది. కనుక చెవుల ప్రస్తావన నేను తేలేదు.

అధికారి వచ్చిననాడు లైన్లన్నీ మైదానం చుట్టూ చేరాయి. ఆ అమ్మాయి కూడా. కుడికి తిరగమన్నాను. మావయ్య బద్ద గిర్రున తిరిగి మా బావ టోపీని ఎగరగొట్టింది. "ఓలమ్మో! ఇంక శత్రువులక్కర్నేదు, మావోడే సాలు లా!" అని, మలయువాళ్ళలా మాట చివర 'లా' తగిలించి, బావ అరిచాడు. అధికారి ముఖం ఎర్రబడింది. "ఆ మనిషిని నువ్వే సరిచెయ్యి. లేదంటే దళం ఇప్పుడే రద్దు" అన్నాడు.

"మావయ్యా, కొంచెం నిలువుగా..." అని బతిమాలాను.

"నువ్వు పుట్టకముందు కాడినుండి మోస్తన్నాను. కావడి పట్టుకోడం నాకు నువ్వు నేర్పుతావేట్రా?"

జనం గొల్లుమన్నారు. అన్నాళ్ళ విసుగూ ఒక్కసారిగా గొంతుకెక్కింది. కళ్ళు మూసుకుని "సెడియా!" అని గావుకేక పెట్టి, అంతటితో ఆగలేక అచ్చ తెలుగులో "బద్ద నిలువుగా పెట్టు!" అన్నాను. కళ్ళు తెరిచేసరికి కుక్కతో సహా దళమంతా బిగుసుకుపోయి ఉంది. మావయ్య బద్ద నిలువుగా ఉంది. అధికారి మెచ్చుకుని వెళ్ళాడు. మావయ్య నా వైపు చూడకుండా వెళ్ళాడు.

"అయిపోనాది. పిల్ల పోనాది" అని అమ్మ కూలబడింది. మర్నాడు సాయంత్రం మావయ్య బద్దతో సహా మా గుమ్మంలోకి వచ్చాడు. "నీకంత గొంతున్నాదని నాకు తెల్దు. పిల్లనిస్తాను. ఒక్క మాట. నా గుంట మీద ఆ గొంతు లేపినావంటే, కావడిబద్ద ఎలాగ పట్టుకోవాలో అప్పుడు నాను నేర్పుతాను."

ఇండోనేషియాతో గొడవ సద్దుమణిగింది, తుపాకులు నేటికీ రాలేదు (రాలేదని నేను రాసిన ఫిర్యాదుకు జవాబూ రాలేదు). ఆ గొంతు మళ్ళీ లేపే అవసరం నాకు కలగలేదు, అవకాశమూ దొరకలేదు. మొన్న గస్తీకి ఎవరూ రాక, గేటు దగ్గర ఒంటరిగా నిలబడి లోకాన్ని తిట్టుకుంటుంటే వెనకనుంచి "సెడియా!" అని వినబడింది. తిరిగి చూస్తే మా ఆవిడ. ఒక చేతిలో టార్చిలైటు, భుజం మీద తండ్రి కావడిబద్ద, అడ్డంగా. సరిచెయ్యాలని నోరు తెరిచాను. తెరిచిన నోరు మూసుకుని, చెవి తప్పించుకుని, ఆమె వెనక నడిచాను.