నాయిన చేతిలో చివరి మూడు ముక్కలు

మా నాయిన నాగర్‌కర్నూలులో వకీలు. కచేరీలో ఆయన నోటికి అడ్డుండేది కాదు గానీ, బ్రిడ్జి పేకాట బల్ల దగ్గర ఒక్క ముక్క వేయడానికి పూట పట్టేది. నాకు ఆట నేర్పింది ఆయనే. నేర్పి, గడప దాటి ఆడొద్దన్నదీ ఆయనే.

నాకప్పుడు పందొమ్మిదేండ్లు. మా ఆయన హైదరాబాదులో చదువుతున్నాడని పుట్టింట్లోనే ఉన్నాను. వనపర్తిలో జోడీల పోటీ పెడుతున్నారని కబురొచ్చింది. నాయినకు ఎప్పుడూ జోడీగా కూర్చునే పంతులు అప్పుడే గద్వాలకు వెళ్లిపోయాడు. నేనొస్తానన్నాను.

"ఆడపిల్లను బల్లకాడ కూసోబెడితే నలుగురు నవ్వుతరు బిడ్డా."

"నా ఆట సూసినంక నవ్వుమను."

వాదనలో ఆయన్ను గెలవడం నా తరం కాదు. కానీ ఆయనే నోరు జారాడు. "సరే, ఐతారం నా మీద పెద్ద పాట పాడి గెల్చి సూపియ్యి. తీస్కపోత."

ఆ పోటీకి పోవాలని నాకెంత ఆశగా ఉండిందంటే, ఆదివారం దాకా అన్నం సహించలేదు.

ఆ మధ్యాహ్నం నాకెదురుగా చిన్నాయన, నా జోడీ. ఎడమ పక్క నాయిన, కుడి పక్క ఆ పూటకు ఆయనకు జోడీగా వచ్చిన డాక్టరుగారు. ఇస్పేట్లు తురుపుగా పదమూడు పట్లలో పన్నెండు నావేనని పెద్ద పాటే పాడాను. పాడినవాళ్లే జోడీ ముక్కలూ ఆడాలి కనుక చిన్నాయన తనవి బల్ల మీద పరిచేసి, చూడలేక మంచినీళ్లకని లేచి వెళ్లాడు.

మొదటి పట్టే పోయింది. ఇక ఒక్కటి కూడా పోగూడదు. పడిన ముక్కలన్నీ లెక్కపెట్టుకుంటూ వచ్చాను. పాటలో నాయిన ఆఠీన్లు పాడాడు కనుక వాటి రాజూ రాణీ ఆయనవే. డాక్టరుగారికి కళావర్లు ఎప్పుడో అయిపోయాయి కనుక కళావరు రాణి కూడా నాయినదే. అందరికీ మూడేసి ముక్కలు మిగిలాయి. నాయిన చేతిలో సరిగ్గా ఆ మూడు. నా దగ్గర ఆఖరి తురుపు, చిన్న ఆఠీను, కళావరు జాకీ. చిన్నాయన పరిచినవాటిలో ఆఠీను ఆసు, పది, పనికిరాని డైమను.

తురుపు వేశాను. నాయిన ఏదో ఒకటి పారేయక తప్పదు. కళావరు రాణి పారేస్తే నా జాకీ గెలుస్తుంది. ఆఠీను పారేస్తే, మిగిలిన ఆఠీను ఆసు కింద పడి, ఆఠీను జాకీ ముందే పోయింది కనుక పది గెలుస్తుంది.

నాయిన కళ్లద్దాలు తుడిచాడు. ఒక ముక్క లాగి, మళ్లీ లోపల పెట్టాడు. కచేరీలో అయితే వాయిదా అడిగేవాడు.

"ఏమైంది నాయినా?" అన్నాను, ఏమీ తెలియనట్టు.

"జర ఆగు, పరేషాన్ జెయ్యకు."

చివరికి ఆఠీను రాణి పడింది. చిన్నాయన ముక్కల్లోని డైమను పారేసి, నా చిన్న ఆఠీనుతో ఆసు దగ్గరికి పోయాను. దాని కింద రాజు పడ్డాడు. పది వేయకముందే డాక్టరుగారు పగలబడి నవ్వాడు.

నాయిన నవ్వలేదు. ఆయన ముఖం చూసి నా సంతోషమంతా ఆవిరైంది. మాట తప్పుతాడని కాదు, నలుగురిలో ఆయన్ను చిన్నబుచ్చానేమోనని భయపడ్డాను.

పోటీ రోజు ఇద్దరం బస్సులో వనపర్తికి పోయాం. అక్కడి పెద్దమనుషులు ఆయనకు నమస్కారం పెట్టి, నా వంక ఒకసారి చూసి, "వకీలుసాబ్, మీ జోడీ రాలేదా?" అని అడిగారు.

నాయిన నాకు కుర్చీ లాగి, తను ఎదురుగా కూర్చున్నాడు.

"ఆడనీకి వచ్చింది మా బిడ్డ. ఆమెకు జోడీని నేను."