పూతకు రాని కొత్తిమీర

నాంపల్లిలో మేం కిరాయికున్న ఇంటి వెనుక పదకొండు బత్తాయి చెట్లుండేవి. వాటిని చూసుకునే జంగమ్మ చిన్నప్పటి నుంచీ బత్తాయి తోటలో పెరిగిన మనిషి.

యాభై మూడులో ఆ చెట్లకు పిండినల్లి పట్టింది. కొమ్మలకు దూది అంటించినట్టు తెల్లటి పురుగు, కాయల మీద మసి. మొజంజాహీ మార్కెట్ పండ్ల దుకాణం నుంచి బుట్ట తిరిగి వచ్చింది. ఇంటి యజమాని శ్యామ్‌సుందర్ గారు కోపిష్టి కాదు. దసరా దాకా చూస్తానని, బాగుపడకపోతే చెట్లు కొట్టించి గదులు వేయిస్తానని నెమ్మదిగానే చెప్పారు.

జంగమ్మ మందుపొడి జోలికి పోలేదు. చెట్ల కింద ధనియాలు చల్లి, నడుమ బంతి నాటింది. కొత్తిమీరను కోయకుండా వదిలేస్తే ఆ తెల్లపూలకూ, బంతిపూలకూ ఎర్రటి అక్షింతల పురుగులు వస్తాయట. వచ్చినవి పిండినల్లిని తినేస్తాయట. వాళ్ల నాయన అట్లాగే చేసేవాడట.

కానీ పూత దాకా నిలిస్తే కదా! శ్యామ్‌సుందర్ గారి భార్య విద్యావతమ్మకు అడిగినవాళ్లను కాదనడం తెలియదు. పాలమనిషికి ఒక కట్ట, ఎదురింటి బాలింతకు ఒక కట్ట, జ్వరం నుంచి లేచిన పోస్ట్‌మాన్‌కు చారులోకి ఇంత. జంగమ్మ మళ్లీ చల్లింది. అదీ పోయింది. మూడోసారి చల్లి ముళ్లకంప అడ్డం పెడితే, ఎవరి కాళ్లకైనా గుచ్చుకుంటుందని ఆ తల్లే తీసి పారేసింది.

శ్రావణ శుక్రవారం పూజకని నేను బంతిపూలు తెంపుతుంటే వెనుక జంగమ్మ నిలబడి ఉంది.

"గవి గూడ తెంపినవా కమలమ్మా? దేవునికంటవు, నేనేమంట? దసరాకు గొడ్డలి వస్తది. గప్పుడు దేవుడు అడ్డం వస్తడా?"

ఆ పూలు దేవుడి ముందు పెట్టడానికి నాకు చేతులు రాలేదు. సంగతి విద్యావతమ్మకు చెబితే ఆమె కళ్లనీళ్లు పెట్టుకుని, ముందే తనకు చెప్పొద్దా అని జంగమ్మను అడిగింది.

"చెప్పిన. చెప్పినప్పుడల్ల ఔనన్నవు. ఎవరన్న అడిగితె వాళ్లకు గూడ ఔనన్నవు."

దసరా వచ్చింది. పాయఖానా గోడ పక్క చెట్టు కింద కొత్తిమీరను మాత్రం, మైల అని ఎవరూ ముట్టలేదు. అక్కడది తెల్లగా పూసింది. ఎర్రటి పురుగులు కొమ్మ కొమ్మకూ ఎక్కాయి. ఆ చెట్టు కాయలు తేటగా ఉన్నాయి. జంగమ్మ శ్యామ్‌సుందర్ గారిని తీసుకొచ్చి చూపించింది. ఆయన మేస్త్రీకి మాట ఇచ్చేశానని, ఆ ఒక్కటీ ఉంచుతానని అన్నారు.

మరుసటేడు దాని కింద మళ్లీ కొత్తిమీర మొలిచాక పాలమనిషి రెండు రెమ్మలు అడిగాడు. గదుల కోసం పాయఖానా కూడా పడగొట్టారు కనుక, ఆ కింది ఆకు ఇప్పుడు ఎవరికీ మైల కాదు. విద్యావతమ్మ వాణ్ణి కూర్చోమని, మార్కెట్‌కు మనిషిని పంపి కట్ట తెప్పించి ఇచ్చింది.

జంగమ్మ కొత్త గదుల గోడకు ఆనుకుని అంతా చూసింది.