గుడ్డ కట్టిన ఇంజను

ఎల్లారెడ్డిలో మా ఉస్తాద్ షెడ్డుకు ఒక కట్టుబాటు ఉండేది. బానెట్ ఎత్తాక ఎడమ పక్క ఉస్తాద్ నిలబడతాడు, కుడి పక్క పని నేర్చుకునేవాడు నిలబడాలి. నేర్చుకునేవాడు ఏ నట్టు మీద పానా పెట్టాలన్నా "ఏది ముందు ఉస్తాద్?" అని అడగాలి. తెలిసినా అడగాలి. నాకు ఒళ్లు మండేది. నిన్న విప్పిన కార్బురేటరే, నిన్న విప్పిన నట్లే, మళ్లీ ఏది ముందని అడగడమేమిటని లోపల గొణుక్కునేవాణ్ని. పైకి మాత్రం అడిగేవాణ్ని. అడక్కపోతే పానా లాక్కొని బయట కూర్చోబెట్టేవాడు.

పని వచ్చాక బొంబాయి పోయాను. అక్కడ ఒక గ్యారేజీలో విదేశీ కార్ల కింద కొన్నేళ్లు పడుకొని, ఎనభైల మొదట్లో తిరిగొచ్చి కామారెడ్డిలో రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకున్నాను. ఎల్లారెడ్డిలో పెట్టుకొమ్మని అందరూ అన్నారు. ఉస్తాద్ ఉన్న ఊళ్లో ఆయన ఎదురుగా బోర్డు కట్టే మొహం నాకు లేదు.

ఒకరోజు పొద్దున లింగంపేట మీదుగా వచ్చిన లారీ డ్రైవర్ నా షెడ్డు ముందు బండి ఆపి కబురు చెప్పాడు.

"ఉస్తాద్ మీద దొంగతనం పెట్టిండ్రన్నా. కారు ఇంజను మార్చిండని. నువ్వొచ్చి చూస్తెనే తేలుతదంట, జెల్ది రమ్మన్నరు."

చేతులు తుడుచుకొని అలాగే బస్సెక్కాను. దారి పొడుగునా నాకు కోపమే. ట్రాక్టర్లో ఒక వాషరు మిగిలితే దాన్ని పొట్లం కట్టి యజమాని చేతికిచ్చే మనిషి ఆయన. ఇంజను మార్చడమట!

కారు ఎవరిదో బస్సు దిగగానే తెలిసింది. మహమ్మద్‌నగర్ దిక్కు నుంచి దుబాయి పోయి నాలుగు డబ్బులు సంపాదించుకొని వచ్చినాయన ఒకడుండేవాడు. అందరూ దుబాయి సేటు అనేవారు, ఆయనా పలికేవాడు. బొంబాయిలో ఎవరో అమ్ముతుంటే ఒక పాత ఇటలీ కారు కొనుక్కొచ్చాడు. ట్విన్ క్యామ్ ఇంజను. అంబాసిడర్‌కు వాల్వులను ఆడించే క్యామ్ షాఫ్టు ఒక్కటే, అదీ కింద బ్లాకులో దాక్కొని ఉంటుంది. దీనికి రెండు, అవి ఇంజను నెత్తిన ఉండే హెడ్డు మీద. వాటి మీద పొడుగ్గా రెండు మూతలు. బానెట్ ఎత్తితే చాలు, జనం మూగేవాళ్లు. జుక్కల్ నుంచి బిచ్కుంద దాకా ఇటువంటి బండి ఇంకోటి లేదని సేటు గొప్ప. అది నిజమే, అందుకే దాన్ని బాగుచేసేవాడూ లేడు.

హెడ్డు గ్యాస్కెట్ పోతే సేటు కారును ఉస్తాద్‌కు ఇచ్చాడు. ఉస్తాద్ హెడ్డు దించి, గ్యాస్కెట్ మార్చి, ఎక్కించి ఇచ్చాడు. కారు నడిచింది. కొన్నాళ్లకు రెండు మూతల అంచుల నుంచీ ఆయిల్ కారడం మొదలైంది. ఆయిల్ కొలిచే పుల్ల దానంతటదే పైకి లేచి పడేది. వెనక నీలం పొగ. సేటుకు అనుమానం వచ్చింది. ఆర్‌సీ బుక్కు చేత పట్టుకొని బానెట్ కింద తల పెట్టి, బ్లాకు మీద ఉన్న అంకెలు చదివాడు. బుక్కులో ఇంజను నంబరు ఒకటి, బ్లాకు మీద ఇంకొకటి. ఇంకేం, తిన్నగా బస్టాండు ఎదురుగా ఉన్న చాయ్ హోటల్లోకి పోయి నలుగురి ముందు అనేశాడు: "నా ఇంజను అమ్ముకొని పాత ఇంజను పెట్టిండు. దొంగ."

ఉస్తాద్ గొడవ పడలేదట. హోటల్ దాకా వచ్చి ఒకటే మాట అన్నాడట: "మార్చిన అని తేలితే ఈ జన్మల పానా ముట్ట. షెడ్డు రేకులు నా చేతులతోనే విప్పుత. చూసెటోన్ని పిలిపియ్యి." అప్పటికే రెండు ట్రాక్టర్లు ఆయన షెడ్డు దాటుకొని వేరే చోటికి పోయాయి. ఆ పని పోతే ఆయనకు ఇంకో పని రాదు. అరవై దగ్గరపడిన మనిషి.

నేను పోయేసరికి కారు షెడ్డులోనే ఉంది. సేటు కుర్చీలో, ఉస్తాద్ గడప మీద, చుట్టూ ట్రాక్టర్ల వాళ్లు. ఉస్తాద్ నన్ను చూసి తల ఊపాడు, అంతే.

"చదువుకో అన్నా," అని సేటు నాకు ఆర్‌సీ బుక్కు ఇచ్చి బ్లాకు పక్క భాగం చూపించాడు. అక్కడ పెద్ద పెద్ద అంకెలు ఉబ్బెత్తుగా ఉన్నాయి.

చూడగానే నాకు నవ్వూ కోపమూ కలిసి వచ్చాయి. అవి పోత అంకెలు. ఇనుము కరిగించి అచ్చులో పోసినప్పుడు అచ్చుతో పాటు వచ్చేవి. ఆ అచ్చులో పోసిన ప్రతి బ్లాకుకూ అవే ఉంటాయి. కారుకో నంబరు కావాలంటే అది పంచితో గుంట పడేట్టు విడిగా కొట్టి ఉంటుంది. ఆ కొట్టే జాగా ఒక్కో కంపెనీకి ఒక్కో చోట. ఈ రకం ఇంజనుకు ఆయిల్ ఫిల్టర్ పైన చదునుగా చెక్కిన చోటు ఒకటి ఉంటుందని బొంబాయిలో చూసి ఉన్నాను. ఇక్కడ అది ఎవరికీ కనపడలేదు. ఏళ్ల తరబడి పేరుకున్న మడ్డి, దాని కింద బొంబాయివాడు ఎప్పుడో పూసిన రంగు.

కిరసనాయిల్ తెప్పించి ఆ చోటు కడిగాను. రంగు గీకాను. సుద్దముక్క రుద్ది పైపైన తుడిస్తే గుంటల్లో సుద్ద నిలిచి అంకెలు తెల్లగా తేలాయి. సేటునే చదవమన్నాను. ఒక్కో అంకె చదువుతూ బుక్కు చూసుకున్నాడు. చివరి అంకె దాకా కలిసింది.

షెడ్డులో అందరూ ఒకేసారి మాట్లాడారు. ఉస్తాద్ మాత్రం గడప మీద నుంచి లేవలేదు.

"సరే, ఇంజను నాదే," అన్నాడు సేటు. గొంతు తగ్గింది గానీ పట్టు వదల్లేదు. "మరి ఆయిల్ ఎందుకు కక్కుతుంది? ముందు గిట్ల లేకుండె గదా."

ఆ మాటకు జవాబు నాకు అప్పటికే తెలిసిపోయింది. ఫిల్టర్ దగ్గర మడ్డి కడుగుతున్నప్పుడే నా కంట్లో పడింది. చూడనట్టు పక్కకు తిరిగాను.

ఇంజను నడుస్తున్నప్పుడు కాలిన గ్యాసు కొంత పిస్టన్ల అంచుల గుండా కిందికి, క్రాంకు తిరిగే గదిలోకి జారుతుంది. అది బయటికి పోవాలి. ఈ ఇంజనుకు బ్లాకు పక్కన ఒక చిన్న డబ్బా, దాని నుంచి లావుపాటి రబ్బరు గొట్టం. ఆ గొట్టం ఎయిర్ ఫిల్టర్‌లోకి పోతుంది. కింద చేరిన గ్యాసును ఇంజను తానే పీల్చుకొని కాల్చేసుకుంటుంది. ఆ దారి మూసుకుపోతే లోపల గాలి బిగుస్తుంది, సందు దొరికిన చోటల్లా ఆయిల్‌ను నెడుతుంది. మూతలు రెండు కాబట్టి దీనికి సందులూ రెండింతలు.

మా వైపు ట్రాక్టర్లకు ఆ గాలి గొట్టం నోరు బయటికే ఉండేది. వరి నూర్చే రోజుల్లో పొట్టు లోపలికి పోతుందని దాని నోటికి పాత పంచె గుడ్డ కట్టేవాళ్లం. పలచటి గుడ్డ, వదులు కట్టు, గాలి ఆడేది. ఎవరూ చెప్పక్కర్లేదు. చెప్పులు విడిచి ఇంట్లోకి పోయినట్టు, చెయ్యి దానంతటదే కట్టేది. ఈ కారు రబ్బరు గొట్టం ఎయిర్ ఫిల్టర్ నుంచి ఊడదీసి ఉంది. దాని నోట్లో మడత పెట్టిన గుడ్డ, పైన ఇనుప తీగ. గుడ్డ ఆయిల్ తాగి, దుమ్ము తిని, చెప్పు తోలులా బిరుసెక్కింది. తీగ కొస లోపలికి మడిచి ఉంది, చెయ్యి చీరకుండా. ఆ మడత నాకు నేర్పింది ఉస్తాదే.

ఇంజను మార్చలేదని తేలింది, పోదాం పదండి అనాలనిపించింది. గుడ్డను తర్వాత మెల్లగా నేనే తీసేయవచ్చు. కాని ఉస్తాద్ లేచి వచ్చాడు.

"గదెందుకో గూడ చెప్పు బేటా. సగం చెప్పి పోకు."

"ఉస్తాద్, తర్వాత చూస్త."

"ఏం దొరికింది? తియ్యి."

తీగ విప్పి గుడ్డ లాగి ఆయన చేతిలో పెట్టాను. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆయన గుడ్డను చూడలేదు, తీగ కొసను చూశాడు. వేలితో తడిమాడు.

"నేను కట్టిందే," అన్నాడు. "ఎయిర్ ఫిల్టర్ల ఆయిల్ తడి ఉండె. గొట్టంల నుంచి మురికొస్తుందనుకున్న. పీకి గుడ్డ కట్టిన."

గొట్టం లోపల మంట వెనక్కి పోకుండా పెట్టే తీగ జాలీని పెట్రోలులో కడిగి, గొట్టాన్ని మళ్లీ ఎయిర్ ఫిల్టర్ కు బిగించి ఇంజను స్టార్ట్ చేయించాను. ఆయిల్ పుల్ల ఉన్నచోటే ఉంది. మూతల అంచులు తుడిచి చాలాసేపు చూశాం. చుక్క పడలేదు.

ఉస్తాద్ సేటు వైపు తిరిగాడు. "హోటల్ కాడ దొంగ అన్నవు. హోటల్ కాడనే కాదను."

సేటుకు ఇష్టం లేకపోయినా వచ్చాడు. చాయ్ తాగుతున్న వాళ్లు తలలు తిప్పారు. "ఇంజను మార్చలేదు. దొంగ కాదు," అని, ఊరుకుంటే పోయేది, ఇంకో ముక్క తగిలించాడు: "పని తెల్వదు, గంతే."

నేను గ్లాసు కింద పెట్టి లేవబోయాను. ఉస్తాద్ నా మణికట్టు పట్టుకున్నాడు.

"నిజమే గదా," అన్నాడు. "కూసో. చాయ్ తాగు."

సేటు కంటే ముందే ఉస్తాద్, డబ్బులు తానే ఇస్తానని అందరి చాయ్‌కూ హోటల్‌ వాడికి సైగ చేశాడు. ఆ తర్వాత ఎవరు ఏమన్నారో నాకు గుర్తులేదు. కామారెడ్డి బస్సులో కూర్చున్నాక మాత్రం ఉస్తాద్ అన్న "నిజమే గదా" చెవిలో తిరుగుతూనే ఉంది. నిజం తేల్చినందుకు నన్ను నేను మెచ్చుకోలేకపోయాను.

ట్రాక్టర్లు ఆయన దగ్గరికి మళ్లీ వచ్చాయని విన్నాను. ఇదయ్యాక కొన్నాళ్లకు, ఎండ ఇంకా ఎక్కకముందే, ఎల్లారెడ్డి బస్సు నా షెడ్డు దగ్గర ఆగింది. ఉస్తాద్ దిగాడు. చేతిలో సంచీ, సంచీలో పానాలు. నేను స్టూలు తుడిచి వేశాను, కూర్చోలేదు.

"ఆ రెండు షాఫ్టుల ఇంజను ఉన్నదా?"

"లేదు ఉస్తాద్. సేటు బండి తప్ప ఈ చుట్టుపక్కల ఏడుంటది?"

"ఏముంది మరి?"

"అంబాసిడర్."

"గదే చాలు. గాలి ఎటు నుంచి ఎటు పోతదో చూపెట్టు. గుడ్డ ఏడ కట్టొద్దో చూపెట్టు."

బానెట్ ఎత్తాను. ఏళ్ల అలవాటు కొద్దీ నేను కుడి పక్కకు పోబోయాను. ఆయన నా భుజం పట్టి ఎడమ పక్కకు జరిపాడు. తాను చుట్టూ తిరిగి వచ్చి కుడి పక్క నిలబడి, సంచీలోంచి పానా తీశాడు.

"ఏది ముందు?" అని అడిగాడు.

ఎడమ పక్క నుంచి వంగి, మొదటి నట్టును వేలితో చూపించాను.